పట్టుకునేది ఏసీబీ, వదిలేది ఎవరు?

తెలంగాణ ప్రభుత్వ పురపాలక పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ కార్యదర్శులకు,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సచివాలయం, హైదరాబాద్.



'ఏసీబీ వలలో మున్సిపల్ ఉద్యోగి' అన్న శీర్షిక ఎన్నిసార్లు అచ్చయిందో మీరు లెక్కపెట్టి ఉండరు. మేమూ లెక్కపెట్టడం మానేశాం. ఫొటో ఎప్పుడూ ఒకటే. బల్ల మీద నోట్లు, పక్కన సీసాల్లో గులాబీ రంగు నీళ్లు, వెనకాల తల దించుకున్న ఒక మనిషి. మర్నాడు సస్పెన్షన్ వార్త వస్తుంది. అవినీతిని సహించే ప్రసక్తే లేదని పైనుంచి ఒక ప్రకటన వస్తుంది. మూడో రోజు నుంచి ఏ వార్తా ఉండదు. ఆ మూడో రోజు తర్వాత జరిగేదాని గురించే ఈ లేఖ. ఎందుకంటే అక్కడి నుంచి ఫైలు ఏసీబీ చేతిలోంచి జారి మీ చేతికొస్తుంది.

ట్రాప్‌లో దొరికిన ఉద్యోగిని బోనెక్కించాలంటే ఏసీబీ పట్టుకుంటే చాలదని మీకు నేను చెప్పాలా? 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఆ ఉద్యోగిని కొలువులోంచి తీసేసే అధికారం ఎవరికుందో వాళ్లు ప్రాసిక్యూషన్‌కు అనుమతివ్వాలి. అది లేనిదే కోర్టు కేసును విచారణకు తీసుకోదు. చిన్న ఉద్యోగి అయితే ఆ సంతకం డైరెక్టరేట్‌లో జరగాలి, పెద్ద అధికారి అయితే సచివాలయంలో. ఎటు చూసినా మీ శాఖ గడపే. లంచం పుచ్చుకున్న మనిషికీ న్యాయస్థానానికీ మధ్య ఉన్న తలుపు తాళం మీ దగ్గరుంది.

ఆ తలుపు ఎంతకాలంలో తెరవాలో, తెరవనంటే ఎంతకాలంలో ఆ మాట చెప్పాలో కొత్తగా ఎవరూ కనిపెట్టనక్కర్లేదు. 1997లో వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు మూడు నెలలంది. 2018లో పార్లమెంటు అదే మాటను చట్టంలోకి ఎక్కించింది: మూడు నెలలు, న్యాయసలహా అవసరమైతే కారణం రాసి మరో నెల. ఈ గడువు తప్పనిసరా, ఉత్త హితబోధా అన్న సందేహం 2022 అక్టోబరు 11న తీరిపోయింది. విజయ్ రాజ్‌మోహన్ కేసులో జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ రాసిన తీర్పు ఆ నాలుగు నెలలూ పాటించి తీరాల్సిందేనంది. జాప్యానికి అనుమతిచ్చే అధికారే జవాబుదారీ అని కూడా అంది. అలాగని ఆలస్యమైనంత మాత్రాన కేసు కొట్టేయడం కుదరదనీ అదే తీర్పు చెప్పింది. బల్ల మీద ఫైలు నిద్రపోయినందుకు నిందితుడికి లాభం దక్కకూడదన్నది అందులోని ఆలోచన. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మన పెద్దలన్నది ఇలాంటి చోటే. పార్లమెంటు ఇచ్చింది, సుప్రీంకోర్టు ఇచ్చింది. మీ దగ్గర నాలుగు నెలలు దాటిన ఫైళ్లు ఎన్ని ఉన్నాయో ఏ రోజైనా బయటికి చెప్పారా?

అదే 2018 సవరణ మా నెత్తిన ఏం పెట్టిందో కూడా చూడండి. లంచం ఇవ్వడమూ ఇప్పుడు నేరమే. బలవంతం మీద ఇచ్చామని తప్పించుకోవాలంటే ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇంటి రికార్డులో పేరు మార్పిడి కోసం మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఎవడి చేతిలోనో ఐదువేలు పెట్టి బయటపడ్డ మనిషికి చట్టం ఇచ్చిన వ్యవధి వారం. ఆ మనిషి ధైర్యం చేసి 1064కు ఫోన్ చేసి, పొడి చల్లిన నోట్లు జేబులో పెట్టుకుని, గుండె దడదడలాడుతుంటే వెళ్లి, ఒక ఉద్యోగిని పట్టిస్తే, ఆ కాగితాల మీద సంతకం పెట్టడానికి మీకు నాలుగు నెలలు. అవి దాటినా మిమ్మల్ని ఏ జైల్లోనూ పెట్టరు. గడువు దాటిన పౌరుడు నేరస్థుడు, గడువు దాటిన కార్యదర్శి 'పరిశీలనలో ఉంది' అని రాసే అధికారి. ఈ తేడాను మీరెప్పుడైనా మా వైపు నుంచి చూశారా?

ఇక ఆలస్యం వల్ల ఏమవుతుందో వరసగా చెబుతాను, మీకు తెలియక కాదు, పాఠకులకు తెలియాలని. ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్లూ జీవనభృతి వస్తుంది: మొదట సుమారు సగం జీతం, కొన్నాళ్లకు అది పెరుగుతుంది. ఇంట్లో కూర్చున్నందుకు ఖజానా కట్టే సొమ్ము అది. ఛార్జిషీటు లేకుండా సస్పెన్షన్‌ను మూడు నెలలకు మించి సాగదీయొద్దని 2015లో అజయ్ కుమార్ చౌధరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమైన మాటే. నేరం రుజువు కాని మనిషిని ఏళ్ల తరబడి వేలాడదీయకూడదు. కానీ అనుమతి రాక ఛార్జిషీటు కదలదు. ఛార్జిషీటు లేదు గనక సస్పెన్షన్ నిలవదు. సస్పెన్షన్ నిలవదు గనక మనిషి తిరిగొస్తాడు. తిరిగొచ్చినవాడికి జీతమివ్వాలి గనక కుర్చీ ఇవ్వాలి. ఆ కుర్చీ పక్క పట్టణంలోనిది, అదే టౌన్ ప్లానింగ్ విభాగంలోది అయితే, అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదని మీరు ఫైల్లో రాసుకోవచ్చు కూడా. ఒక్కో మెట్టూ నిబంధనల ప్రకారమే ఎక్కాం, చేరింది మాత్రం బయలుదేరిన చోటికే.

ఈలోగా ఫిర్యాదుదారుడు ఏమయ్యాడు? అదే ఊళ్లో ఉంటాడు, అదే ఆఫీసులో పన్ను కడతాడు, అదే మనిషికి ఎదురుపడతాడు. నాలుగేళ్లు గడిచాక సాక్ష్యం చెప్పమంటే 'నాకు గుర్తులేదు' అంటాడు. అలా సాక్షులు ఎదురు తిరిగే కేసులు ఎంత పెరిగాయంటే, ఫిర్యాదుదారుడు మాట మార్చినా, చనిపోయినా, మిగతా ఆధారాలతో లంచం అడిగినట్టు రుజువు చేయవచ్చునా అన్న ప్రశ్న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. చేయవచ్చునని నీరజ్ దత్తా కేసులో 2022 డిసెంబరులో ఆ ధర్మాసనం చెప్పింది. సాక్షి ఎందుకు మాట మార్చాడో మాత్రం ఏ తీర్పులోనూ ఉండదు. దాని కారణాల్లో ఒకటి మీ బల్లల మీద ఉంది.

మరో దారి ఇంకా సులువైనది. 'ప్రాసిక్యూషన్ అవసరం లేదు, శాఖాపరమైన చర్య సరిపోతుంది.' ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఈ ఒక్క వాక్యంతో ఎన్ని కేసులు కోర్టు మెట్లు ఎక్కకుండానే మళ్లిపోయాయో ఆ ఉత్తర్వులు చదివినవాళ్లకు తెలుసు. సర్వీసు తప్పిదాల విచారణకు 1960 నాటి చట్టం కింద క్రమశిక్షణ ట్రిబ్యునల్ ఉంది, విచారణాధికారులున్నారు. వద్దనడం లేదు. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చినవాడికి, ఫైలు పోగొట్టినవాడికి అవి ఉండాలి. కానీ వేళ్లకు ఫినాఫ్తలీన్ పొడి అంటి, సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచగానే గులాబీ రంగు తేలిన చేయి క్రమశిక్షణ సమస్యా? కనీసం మూడేళ్ల జైలుశిక్ష ఉన్న నేరానికి ఇంక్రిమెంటు కోత సరిపోతుందని తేల్చినవారు ఎవరు? ఆ నోట్ మీద సంతకం ఎవరిది? ఆ పేరు ఎప్పుడైనా పత్రికల్లో వచ్చిందా? ట్రాపైనవాడి పేరు, ఊరు, ఫొటో అన్నీ వేస్తాం. వాణ్ని ఒడ్డెక్కించిన కలం ఎవరిదో మాత్రం ప్రభుత్వ రహస్యం.

అవినీతి ఎందుకు తగ్గడం లేదని ఎవరైనా అడిగితే మీ శాఖ నుంచి వచ్చే జవాబు ఒకటుంది. కిందిస్థాయి సిబ్బంది దురాశ, జనం తొందర. అందుకే అంతా ఆన్‌లైన్ చేశాం, మనిషి ముఖం మనిషి చూడనక్కర్లేదు, ఇక లంచం ఎక్కడ? ఈ వాదనలో సగం నిజముంది. 2020 నాటి టీఎస్‌–బీపాస్ చట్టం భవన అనుమతులకు మంచి చట్టమే. 75 గజాల్లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవడానికి రూపాయితో రిజిస్ట్రేషన్, 600 గజాల వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి, ఆపైన 21 రోజుల గడువు. ఆలస్యమే లంచానికి తల్లి అని 1964లోనే సంతానం కమిటీ చెప్పింది గనక, ఆలస్యాన్ని కోసేస్తే అనుమతి దగ్గర లంచం తగ్గుతుంది. తగ్గింది కూడా.

కానీ లంచం అనుమతి కౌంటరు దగ్గర్నుంచి లేచి సైటు దగ్గరికి వెళ్లి కూర్చుంది. రెండంతస్తులకు అనుమతి తీసుకున్నవాడు నాలుగు వేస్తాడు. నాలుగుకు తీసుకున్నవాడు పెంట్‌హౌస్ కలుపుతాడు. సెట్‌బ్యాక్ మింగేస్తాడు, సెల్లారులో కొట్లు పెడతాడు. స్లాబు పడే రోజుకు ఎవరు రావాలో వాళ్లొస్తారు. హైదరాబాద్ శివార్లలో చిన్న బిల్డర్ ఎవర్నైనా అడగండి, స్లాబుకు ఇంత అని సిమెంటు ధర చెప్పినంత తేలిగ్గా చెబుతాడు. ఆ డబ్బు చైన్‌మన్ దగ్గర మొదలై ఎక్కడిదాకా వెళుతుందో మాత్రం చెప్పడు, నవ్వుతాడు.

ఈ రెండు రకాల లంచాలకూ తేడా ఉంది. మొదటిది నిలువుదోపిడి. నాకు హక్కుగా రావాల్సిన కాగితం ఇవ్వడానికి డబ్బడిగితే కడుపు మండుతుంది, ఏసీబీకి ఫోన్ చేస్తాను. రెండోది కుమ్మక్కు. ఇచ్చేవాడూ సంతోషమే, పుచ్చుకునేవాడూ సంతోషమే. పోయింది పక్కింటివాడి గాలీ వెలుతురూ, వీధి వెడల్పూ, నాలా పారుదలా, కార్పొరేషన్ ఆదాయమూ. ఇక్కడ ఫిర్యాదుదారుడే ఉండడు గనక ట్రాప్ కూడా ఉండదు. రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2007 జనవరిలో ఇచ్చిన నివేదికలో ఈ కుమ్మక్కు లంచాన్ని ప్రత్యేక నేరంగా చూడాలని సిఫారసు చేసింది. అంటే, మనం ఏటా పత్రికల్లో చూసే ట్రాపులన్నీ కలిపినా అవి చిన్న అవినీతి తాలూకు లెక్కే. ఎక్కువగా మ్యుటేషన్‌కూ, ఇంటి నంబరుకూ, బిల్లు పాస్ చేయడానికీ చేయి చాపినవాళ్లే వలలో పడతారు. స్లాబుల మీద బతికే పెద్ద అవినీతి ట్రాప్‌కు చిక్కదు. దాన్ని పట్టాలంటే పాత ఫైళ్లు తవ్వాలి, అనుమతుల నిర్ణయాలను ప్రశ్నించాలి. అలా తవ్వడానికి అవినీతి నిరోధక చట్టం 17ఏ సెక్షన్ కింద ముందే మీ ఆమోదం కావాలి. అప్పటికప్పుడు పట్టుకునే ట్రాపులకు మాత్రమే ఆ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. చిన్నవాణ్ని పట్టుకున్నాక మీ అనుమతి, పెద్దవాణ్ని ముట్టుకోకముందే మీ అనుమతి. రెండు గేట్లకూ కాపలా మీరే అయినప్పుడు, లోపల ఏం జరుగుతోందో మీకు తెలియదంటే నమ్మమంటారా?

పెద్ద చేపలు ఎప్పుడో ఒకసారి బయటపడతాయి, అప్పుడు అంకెలు చూసి ఊరంతా నోరు వెళ్లబెడుతుంది. 2024 జనవరిలో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ప్రణాళికా విభాగంలో డైరెక్టర్‌గా పనిచేసిన అధికారి ఇళ్లల్లో ఏసీబీ సోదాలు చేసి, ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో అరెస్టు చేసింది. అదే ఏడాది ఆగస్టులో నిజామాబాద్ నగరపాలక సంస్థ రెవెన్యూ అధికారి ఇంట్లో రూ.2.93 కోట్ల నగదు దొరికిందని ప్రకటించింది. నేరమా కాదా తేల్చాల్సింది కోర్టే, అందులో రెండో మాట లేదు. నా ప్రశ్న వేరు. ఒక కార్పొరేషన్‌లో ఆస్తిపన్ను చూసే మనిషి ఇంట్లో అన్ని నోట్లు పోగుపడేదాకా వార్షిక ఆడిట్‌కు కనపడలేదా? ఆస్తుల వివరాలు ఏటా సమర్పించాలన్న నిబంధన కింద వచ్చిన కాగితాలను మీ శాఖలో చదివే మనిషంటూ ఒకరున్నారా?

అక్రమ కట్టడాన్ని బేరసారాల సరుకుగా మార్చింది కిందిస్థాయి సిబ్బంది కాదు, ప్రభుత్వాలే. అనుమతి లేని ఇంటికి రెట్టింపు ఆస్తిపన్ను వేసి నంబరిస్తారు. ఆ పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదని నోటీసులో రాస్తారు, దాన్ని కూల్చేవాడూ రాడు. దాంతో సంతృప్తి లేకపోతే క్రమబద్ధీకరణ పథకం. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న భవనాలకూ లేఅవుట్లకూ ఇదే చివరి అవకాశం అన్నట్టు పథకాలు తెచ్చారు. తెలంగాణ వచ్చాక 2015లో మళ్లీ. అందులో భవనాల పథకం కోర్టు కేసుల్లో చిక్కుకుంది. 2020 ఆగస్టులో లేఅవుట్లకు ఇంకోసారి. అప్పుడు వచ్చిన దరఖాస్తులు 25 లక్షల పైచిలుకు. 2025లో వాటికి 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. నిబంధన ప్రకారం లేఅవుట్ వేసి, రోడ్లకూ పార్కులకూ స్థలం వదిలి, ఫీజులు కట్టినవాడికి ఎప్పుడైనా రాయితీ ఇచ్చారా? ఎప్పుడో ఒకప్పుడు క్షమాభిక్ష వస్తుందని అందరికీ తెలిసిన ఊళ్లో, ఈరోజు ఆ తప్పును అడ్డుకునే ఉద్యోగి మాటకు విలువేముంటుంది? అడ్డుకోవడం కంటే కళ్లు మూసుకోవడానికి ధర పలికేలా చేసింది ఈ పథకాలే. వాటికి జీవోలు రాసింది మీ శాఖే.

నిబంధనలు లేక కాదు. 2012 నాటి భవన నియమాల ప్రకారం బిల్డర్ కట్టబోయే విస్తీర్ణంలో పది శాతం ముందే మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మంచి ఆయుధం. ఆ సర్టిఫికెట్ లేకుండా నిండిపోయిన అపార్ట్‌మెంట్లు ఎన్ని ఉన్నాయో ఏ కాలనీలో నిలబడి అడిగినా చెబుతారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని భవనానికి కరెంటు, నీరు ఇవ్వొద్దనీ, అక్రమ కట్టడాలకు కారణమైన అధికారుల మీద శాఖాపరమైన చర్యలు తప్పవనీ 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆదేశాలిచ్చింది. ఆ తర్వాత ఈ కారణంతో మీరు చర్య తీసుకున్న అధికారులెవరో చెప్పండి.

చిన్న మాట ఒకటి, పక్కదారి అనుకోకండి. 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే వార్డు సభ్యుడి పదవి పోతుందని రాసింది. మొక్క ఎండితే కౌన్సిలర్ ఇంటికి. వార్డులో నాలుగంతస్తుల అక్రమ భవనం మొలిస్తే, దాన్ని చూస్తూ ఊరుకున్న అధికారికి ఇంకో పట్టణం.

కౌన్సిలర్లను వెనకేసుకొస్తున్నాననుకోవద్దు. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేటర్ ఎన్నికల ఖర్చు పరిమితి 2020లో రూ.5 లక్షలు. ఆ పరిమితిలో గెలిచానని ప్రమాణం చేసి చెప్పగల కార్పొరేటర్ ఎవరో మీకు తెలిస్తే పేరు చెప్పండి, సన్మానం చేద్దాం. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే వార్డులో స్లాబుల కంటే దగ్గరి దారి లేదు. అధికారి, ప్రజాప్రతినిధి ఒకర్నొకరు కాపలా కాయాల్సింది పోయి వాటాదారులయ్యారు. పోనీ ప్రజాప్రతినిధులే లేకపోతే బాగుంటుందా? 2025 జనవరి చివర్లో చాలా మున్సిపల్ పాలకవర్గాల గడువు ముగిశాక ఏడాదిపాటు ప్రత్యేకాధికారులే ఏలారు. అడిగే కౌన్సిల్ లేదు. పంచాయతీల్లో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా అదే కథ. కాగితాలు అడుగుదామంటే, రాష్ట్ర సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనర్ కూడా లేరు. అప్పీలు వినే నాథుడు లేని రెండేళ్లలో సమాచారమిచ్చినా ఇవ్వకపోయినా ఒకటేనని ఆఫీసులకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక సిబ్బంది సంగతి. ఒక్క టౌన్ ప్లానింగ్ అధికారికి రెండు మూడు పట్టణాలు ఇన్‌చార్జిగా అప్పగిస్తారు. మనిషి ఎక్కడా పూర్తిగా ఉండడు. ఆయన బదులు ఒక ప్రైవేటు కుర్రాడు ఉంటాడు, జీతం ఎవరిస్తారో తెలియదు, ఫైళ్లు మాత్రం ఆ కుర్రాడి చేతిలోనే. ఏసీబీ పత్రికా ప్రకటనల్లో రెండో నిందితుడిగా ఈ ప్రైవేటు వ్యక్తి, డ్రైవరు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి ఎన్నిసార్లు కనిపిస్తారో గమనించే ఉంటారు. ఖాళీలు భర్తీ చేయకపోవడం పొదుపనిపిస్తుంది. దాని ఖర్చు మేం కడుతున్నాం.

2024 జూలైలో ఆక్రమణల తొలగింపు సంస్థ హైడ్రా వచ్చాక జనం చాలామంది చప్పట్లు కొట్టారు, నేనూ తప్పుపట్టను. చెరువులు మింగినవాళ్ల మీద ఎవరో ఒకరు కదిలారు. కానీ బుల్డోజరు వెళ్లింది ఎక్కడికి? అనుమతి పత్రం చూసి, బ్యాంకు అప్పు తెచ్చి, రిజిస్ట్రేషన్ చేయించుకున్న ఇంటి ముందుకు కూడా వెళ్లింది. ఆ కాగితాలు ఇచ్చిన బల్ల ముందుకు వెళ్లలేదు. అమీన్‌పూర్‌లో ఆదివారం కూల్చివేతల మీద 2024 సెప్టెంబరు 30న హైకోర్టు గట్టిగా నిలదీసింది. అంతకుముందు ఆగస్టులో చెరువుల పరిధిలో అనుమతులిచ్చిన ఆరుగురు అధికారుల మీద హైడ్రా సిఫారసుతో సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. ఆ రోజు నిజంగా ఆశ కలిగింది. సంతకం పెట్టిన చేతిని పట్టుకోవడం అదే మొదలేమో అనుకున్నాం. ఆ కేసుల్లో మీ శాఖకు చెందినవి ఎక్కడిదాకా వచ్చాయి? ఇల్లు కూలడానికి ఒక్క పూట పట్టింది. అనుమతి ఇచ్చినవాడి సంగతి తేల్చడానికి ఎన్నేళ్లు కావాలి?

మీ వైపు వాదన నాకు తెలియనిది కాదు. ట్రాపుల్లో తప్పుడువి ఉంటాయి, పగతో పట్టించేవాళ్లుంటారు, ఫిర్యాదు చేసి తర్వాత బేరమాడే వృత్తి ఫిర్యాదుదారులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అన్నీ కోర్టుకు పంపితే నిజాయితీపరుడు సంతకం పెట్టడమే మానేస్తాడు. ఒప్పుకుంటాను. అందుకే చట్టం ఆ జల్లెడ మీ చేతికిచ్చింది. జల్లెడ పట్టండి. ఆధారాలు లేవనిపిస్తే అనుమతి నిరాకరించండి, నిరాకరణకు కారణాలు రాయండి, కింద మీ పేరు రాయండి. తప్పుడు కేసులో ఇరుక్కున్న ఉద్యోగికి మీరు చేయగల పెద్ద మేలు నాలుగు నెలల్లో 'కాదు' అని చెప్పడమే. ఏళ్ల తరబడి ఏమీ చెప్పకపోవడం వల్ల అతను దొంగగానే ఊళ్లో తిరుగుతాడు, అసలు దొంగ దొరలా తిరుగుతాడు. మీ మౌనం వల్ల మేలు జరిగేది ఆ రెండోవాడికే. అదే ఆఫీసులో పైసా ముట్టకుండా పనిచేసే ఉద్యోగులున్నారు. ట్రాపైన సహోద్యోగి పక్క పట్టణంలో మెరుగైన సీట్లో చేరాడని తెలిసిన రోజు వాళ్ల ఇంట్లో భార్యాబిడ్డలు ఏమంటారో ఊహించారా?

వేతనాలు పెంచితే, నీతి శిక్షణ ఇస్తే, కెమెరాలు పెడితే అన్న సూచనలు చాలా వింటాం. అన్నీ మంచివే, నేనవి అడగడం లేదు. ఉద్యోగి మనసులో ఉండే లెక్క చాలా చిన్నది. పోస్టింగ్‌కు ఇంత పెట్టాను, నెలకు ఇంత వస్తుంది, దొరికే అవకాశం కొంచెం, దొరికితే పోయేది ఏమిటి? ఆ ఆఖరి ప్రశ్నకు ఇవాళ్టి జవాబు: కొన్నాళ్లు ఇంట్లో, సగం జీతంతో. ఆ జవాబు మారితే లెక్క మారుతుంది. దాన్ని మార్చడానికి కొత్త చట్టం, కొత్త బడ్జెట్, కొత్త యాప్ ఏదీ అవసరం లేదు.

కావాల్సింది ఒక పట్టిక. మీ శాఖ ఉద్యోగుల మీద ఏసీబీ అనుమతి కోరిన ప్రతి కేసూ అందులో ఉండాలి. ఫైలు ఏ తేదీన వచ్చింది, ఇప్పుడు ఏ హోదా అధికారి దగ్గరుంది, మూడో నెల ఎప్పుడు నిండింది, నాలుగో నెల ఎందుకు కావాల్సొచ్చింది, అనుమతించారా, నిరాకరించారా, ఏ కారణంతో. దాంతో పాటే, ట్రాపై తిరిగొచ్చిన ఉద్యోగులు ఇప్పుడు ఏ సీట్లో ఉన్నారో. విచారణ ముగిసేదాకా వాళ్లకు జనంతో, డబ్బుతో, అనుమతులతో సంబంధంలేని పని ఇవ్వడానికి మీకు ఎవరి సమ్మతీ అక్కర్లేదు, ఒక్క మెమో చాలు. 17ఏ కింద దర్యాప్తుకు ఆమోదం కోరిన కేసులు ఎన్ని, వాటిలో మీరు ఒప్పుకున్నవి ఎన్ని అన్న అంకెలు కూడా పెట్టండి, పేర్లు లేకపోయినా ఫర్వాలేదు. 2025 డిసెంబరులో 27 పట్టణ సంస్థలను హైదరాబాద్‌లో కలిపేశాక వాటి ఫైళ్లు ఏ ఆఫీసు నుంచి ఏ ఆఫీసుకు మారుతున్నాయో, దారిలో ఎన్ని జారిపోతున్నాయో మాకు తెలియదు. కాబట్టి ఆ పట్టిక ఆలస్యం చేయడానికి కూడా ఇది సరైన కాలం కాదు.

వచ్చే నెల ఒకటో తేదీన అది మీ వెబ్‌సైట్‌లో కనిపిస్తే ఈ లేఖకు వేరే జవాబు అవసరం లేదు. కనిపించకపోతే మర్నాడు మీ పౌర సమాచార అధికారికి దరఖాస్తు అందుతుంది. అందులో ఒకే ప్రశ్న ఉంటుంది: ప్రాసిక్యూషన్ అనుమతి కోసం వచ్చి నాలుగు నెలలు దాటిన ఫైళ్లు ఎన్ని, ఒక్కొక్కటి ఏ బల్ల మీద ఏ తేదీ నుంచి ఉంది? జవాబివ్వడానికి చట్టం మీకు ఇచ్చిన గడువు 30 రోజులు.

ఇట్లు,
ఆస్తిపన్ను బకాయి లేని ఒక పట్టణవాసి